గోతుల మీద తివాచీలు

పార్కు ఎదురిల్లు,
ఎండలు ముదురుతున్న రోజులు

చిట్టి మరదలికి,

ఫోను ఉండగా ఉత్తరమేంటి, వదినకి చాదస్తం ముదిరిందని నవ్వుకోకు. మన ఇల్లెంతో నీకు తెలుసు. వంటింట్లో గుసగుసలాడినా ముందు గదిలో మీ అన్నయ్యకి వినిపిస్తుంది. కాలూ చెయ్యీ పట్టు తప్పాయి గానీ చెవులు మాత్రం ఇదివరకటికంటే చురుగ్గా పనిచేస్తున్నాయి. అందుకే ఆయన కునుకు తీసే వేళ చూసుకుని, మిషను మీద ఎవరిదో జాకెట్టు పక్కకి నెట్టి ఇది రాస్తున్నాను.

మొన్న ఫోన్లో "బాగానే ఉన్నారు, రోజూ పార్కులో నడుస్తున్నారు" అన్నానే, అది అబద్ధం. పక్కనే కూర్చుని నా మొహంలోకే చూస్తుంటే ఇంకేమనను? ఆయన గేటు దాటి చాలా రోజులైంది. పార్కులో పడిపోయారు. పక్షవాతం నుంచి లేచాక డాక్టరు నడవమన్నాడని కర్ర పట్టుకుని బుద్ధిగా వెళ్లేవారు. ఆ దారి సంగతి నీకు తెలిసిందే, చెట్ల వేళ్లు పలకలన్నీ పైకి లేపేశాయి, లేవనిచోట గొయ్యి. ఎండిపోయిన ఫౌంటెన్ దగ్గర కాలు ఇరుక్కుని బోర్లా పడ్డారు. దెబ్బ పెద్దది కాదు. అసలు దెబ్బ తర్వాత తగిలింది. నలుగురూ పరిగెత్తుకొచ్చి "కండక్టరు గారూ, చెయ్యివ్వండి, మెల్లగా, మెల్లగా" అన్నారట.

నీకు తెలుసుగా ఆయనెలా ఉండేవారో. బస్సు ఎంత కుదుపుతున్నా ఏమీ పట్టుకోకుండా నడి మధ్యలో నిలబడి టిక్కెట్లు కొట్టేవారు. ఎక్కే ముసలివాళ్లకి చెయ్యందించడం ఆయన పని. ఇప్పుడు ఆ జనమే ఆయనకి చెయ్యందిస్తుంటే తట్టుకోలేకపోయారు. ఇంటికొచ్చి కర్ర తలుపు వెనకాల పెట్టేసి కిటికీ దగ్గర కుర్చీ వేసుకున్నారు. అంతే. ఇలాగే కూర్చుంటే ఆ కాలు బిగుసుకుపోతుంది, ఆ తర్వాత నేనేం చెయ్యలేనని డాక్టరు నాతో విడిగా చెప్పాడు.

ఇప్పుడు అసలు విషయం. చిన్న చిన్న పార్కులు బాగుచేసుకోవడానికి రాష్ట్రప్రభుత్వం గ్రాంటు ఇస్తోందట కదా. మా వీధి వాళ్లమంతా కలిసి మున్సిపాలిటీ ద్వారా దరఖాస్తు పెడుతున్నాం. సమతలంగా ఒక నడక దారి, దాని వెంబడి పట్టుకోవడానికి ఒక కమ్మీ. నాకు కావలసింది అదొక్కటే. ఊయలలూ దీపాలూ మిగతావాళ్ల కోరికలు. బ్యాండు మాస్టారు, వెల్డరు తమ్ముడు, బేకరీ అక్కయ్య, అందరూ కలిసి నన్ను ముందుకి తోశారు, నా నోరు ఊరుకోదు కాబట్టి.

ఆ గ్రాంటు చూసే ఆఫీసులోనే నువ్వు పనిచేస్తున్నావుగా. ఏం చేస్తే వస్తుందో చెప్పు. మీ అన్నయ్య మళ్లీ నడవాలి.

నీ వదిన


ఆఫీసు, మూడో అంతస్తు

వదినా,

నీ ఉత్తరం బస్సులో చదివి దిగాల్సిన స్టాపు దాటిపోయాను. ఇన్నాళ్లూ దాచావా? నేను పరాయిదాన్నా? అన్నయ్య నాకు సైకిలు నేర్పినప్పుడు నేను పడితే నవ్వేవాడు, ఆయన పడితే నాకు చెప్పకూడదా? నీ మీద బోలెడంత కోపంగా ఉంది. ఆ కోపం మధ్యలోనే, పొద్దస్తమానం మిషను తొక్కుతూ, ఇంట్లో ఆయన్ని చూసుకుంటూ, వీధిని వెంటేసుకుని దరఖాస్తు పెట్టించిన నిన్ను తలుచుకుంటే చెయ్యెత్తి దండం పెట్టాలనిపించింది.

కానీ వదినా, ఇప్పుడు నేను రాసేది నీకు నచ్చదు. నీ ఉత్తరం అందిన రోజే మా పైఅధికారి దగ్గరికి వెళ్లి, ఫలానా పార్కు దరఖాస్తు మావాళ్లది అని చెప్పేశాను. ఆ ఫైలు నా బల్ల మీదికి రాదు. ఎవరు చూస్తారో కూడా నేను అడగకూడదు. ఏం చెయ్యాలో, ఎలా చూపించాలో ఒక్క మాట చెప్పినా తప్పే. మా దగ్గరికి కొన్ని వందల ఊళ్ల నుంచి వస్తాయి. వాళ్లందరికీ ఆఫీసులో మరదళ్లు లేరు కదా.

ఒక అధికారి వచ్చి చూస్తారు. అది అందరికీ తెలిసిందే కాబట్టి రాస్తున్నాను. అంతకుమించి నన్నడక్కు. అన్నయ్యని ఇంట్లోనైనా గోడ పట్టించి నడిపించు.

నీ మరదలు


పార్కు ఎదురిల్లు

మరదలు గారికి,

మీ ఉత్తరం అందింది. మీ నిజాయితీకి మా వీధి మొత్తం తరఫున నమస్కారాలు. పెద్ద ఆఫీసులో పెద్ద కుర్చీలో ఉన్నవారిని ఇబ్బంది పెట్టాం, మన్నించండి. చిన్నప్పుడు తమరి జడలు వేసిన చేతులివి, పొరపాటున చనువు తీసుకున్నాయి.

సరే, రెండు రోజులు ఈ కాగితం డ్రాయరులో పడేశాను. కోపం సగం తగ్గింది. మిగతా సగం అలాగే ఉంచుకుంటాను, తర్వాత పనికొస్తుంది. అసలు కబురు చెప్పకుండా ఉండలేకపోతున్నాను, అందుకే మళ్లీ మొదలుపెట్టాను.

నీ సాయం లేకుండానే మేం గట్టెక్కేశాం! ఆఫీసరమ్మ వచ్చి వెళ్లింది. వస్తుందని కబురు రాగానే వీధి వీధంతా ఎలా కదిలిందో నువ్వు చూడాల్సింది. పేదదో గొప్పదో, మన పార్కు చూడ్డానికి ఒకావిడ అంత దూరం నుంచి వస్తుంటే అలా వదిలేస్తామా? వెల్డరు తమ్ముడు తన పనులన్నీ మానుకుని విరిగిన ఊయల అతికించాడు. కూలి మాట ఎత్తితే కోప్పడ్డాడు. బ్యాండు మాస్టారు ఆ వయసులో నిచ్చెనెక్కి గేటుకి పచ్చరంగు వేశారు. కింద నిచ్చెన పట్టుకున్నవాళ్ల నెత్తిన కూడా వేశారనుకో. బేకరీ అక్కయ్య తన కొట్టు ముందు పూలకుండీలన్నీ బండి మీద పెట్టించి తెచ్చింది. కాళ్లు విరిగిన బెంచీలకి ఇటుకలు పెట్టి, కనపడకుండా నేను పూల గుడ్డతో కుచ్చులు కుట్టి తొడిగాను. చెప్పకూడదు గానీ, మా ఇంటి సోఫాకి కూడా అంత అందమైన తొడుగు లేదు.

ఇంక ఆ దారి! ఆ గోతులు చూస్తే ఆవిడేమనుకుంటుందని నాకు సిగ్గేసింది. గోతుల్లో ఇసుక పోసి, ఇంటికొకటి చొప్పున తివాచీలు, చాపలు, దుప్పట్లు తెచ్చి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పరిచేశాం. మీ అన్నయ్య కిటికీలోంచి అంతా చూసి, "ఏమోయ్, ఆవిడొచ్చేది నడవడానికా, పడుకోవడానికా?" అన్నారు. మీరు మాట్లాడకండని కసిరాను.

ఆఫీసరమ్మ చిన్నపిల్ల. ఎంత ముచ్చటపడిందనుకున్నావ్! దారంతా మెత్తగా నడిచింది, నా కుచ్చుల బెంచీ మీద కూర్చుని టీ తాగింది, "ఇంత అందంగా ఉంచుకున్న పార్కు నేనెక్కడా చూడలేదండీ" అంది. మేమంతా గాల్లో తేలిపోయాం. బ్యాండు మాస్టారైతే కళ్లు తుడుచుకున్నారు.

ఇంక గ్రాంటు వచ్చినట్టే. నువ్వేం బెంగపెట్టుకోకు.

నీ వదిన


అద్దె గది, వాన మొదలైన సాయంత్రం

వదినా, వదినా,

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. పక్క గది అమ్మాయి తలుపు కొట్టి "ఏమైందక్కా" అని అడిగింది. గోతుల మీద దుప్పట్లు కప్పారని చెబితే తనకి అర్థం కాలేదు. మన వాళ్లని చూస్తే తప్ప ఎవరికీ అర్థం కాదు.

పరిశీలన అయిపోయింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. ఈ డబ్బు బాగాలేని పార్కుల కోసం, వదినా. ఎంత పాడైపోయిందో చూడ్డానికి వస్తారు. నువ్వేమో పాడైనదంతా దాచిపెట్టి టీ ఇచ్చి పంపించావు. ఒంట్లో బాగాలేక డాక్టరు దగ్గరికి వెళ్లి, తలదువ్వుకుని పౌడరు రాసుకుని "నాకేం, భేషుగ్గా ఉన్నాను" అన్నట్టుంది. ఇది రాస్తుంటే ఒకటి గుర్తొచ్చింది. అన్నయ్య కూడా డాక్టరుతో అలాగే కదూ చెప్తాడు? అడిగితే "ఫస్టు క్లాసు" అంటాడు. మీ ఇద్దరికీ బాగానే కుదిరింది.

ముందే ఈ ఒక్క మాట నేను రాసి ఉంటే? రాయకూడదు, రాయలేదు. అదే సరైనదని ఇప్పటికీ అనుకుంటున్నాను. అయినా ఆ రోజు నుంచి అన్నం సహించడం లేదు. నీ దగ్గర మిగిలిన ఆ సగం కోపం ఇప్పుడు వాడుకో.

ఇంకోటి కూడా చెప్పనీ. ఒక ఆఫీసరు వస్తుందంటే తమ ఇళ్లలో తివాచీలన్నీ తెచ్చి మట్టిలో పరిచే వీధి ఈ రాష్ట్రంలో ఇంకెక్కడుంది? ఎంత మంచి మనుషుల మధ్య ఉన్నారు మీరు!

నీ మరదలు


పార్కు ఎదురిల్లు, వానల్లో

చిట్టి మరదలికి,

నువ్వన్నట్టే అయింది. ఉత్తరం వచ్చింది. "పార్కు మంచి స్థితిలో ఉన్నందున ప్రస్తుతం సహాయం అవసరం లేదు" అట. మా ఇంటి ముందు గదిలో అందరం కూర్చుంటే బ్యాండు మాస్టారు చదివారు. బేకరీ అక్కయ్య తెచ్చిన బిస్కట్లు ఎవరూ ముట్టుకోలేదు. నేను తల పట్టుకుని కూర్చున్నాను. కుచ్చులు కుట్టింది ఎవరు? నేనే. తివాచీల ఆలోచన ఎవరిది? నాదే. మా అందరి తెలివీ అలా తెల్లారిందన్నమాట.

మాస్టారు ఇంకా చదువుతున్నారు. "నడిచేవారికి ఎటువంటి ఇబ్బంది ఉన్నట్లు కనిపించలేదు" అనే వాక్యం దగ్గరికి రాగానే కిటికీ దగ్గర్నుంచి మీ అన్నయ్య గొంతు లేచింది. "ఏంటీ? ఇబ్బంది లేదా? ఎవరికి లేదు? నన్నడగమను!"

గది మొత్తం అటు తిరిగింది. ఆయన పడ్డాక ఆ సంగతి ఇంట్లో ఎవరి ముందూ ఎత్తలేదు. ఆ మాట అన్నాక ఆయనకే సిగ్గేసినట్టుంది, మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నారు. కానీ నాకు ఎంత సంతోషం వేసిందో నీకెలా చెప్పను! ఎన్నాళ్లకి విన్నాను ఆ గొంతు. బస్సులో చివరి సీటుదాకా వినిపించేదే, ఆ గొంతు.

ఇంకోసారి చూడమని అడిగే వీలుందట, ఒక్కసారే. అడిగాం. ఒప్పుకున్నారు. వెల్డరు తమ్ముడు ఆవేశంగా లేచి, ఊయల మళ్లీ విరగ్గొట్టేస్తానన్నాడు. ఒళ్లు మండింది నాకు. "బాగుచేసినదాన్ని మళ్లీ పాడుచేస్తావా? రేపు ఏ పిల్లో ఎక్కితే?" అని అరిచాను. ఏదీ విరగ్గొట్టేది లేదు, ఏదీ కప్పేది లేదు. ఎవరి చాపలు వాళ్లింటికి, ఎవరి కుండీలు వాళ్ల కొట్టుకి. కుచ్చులు విప్పేశాను. విప్పుతుంటే ప్రాణం ఉసూరుమంది, అబద్ధమెందుకు.

నీ మీద కోపం లేదు. రాసి ఉంటే నువ్వు నువ్వు కాదు. అన్నం తిను.

నీ వదిన


ఆఫీసు

వదినా,

తిన్నాను. కడుపునిండా తిన్నాను.

ఊయల విరగ్గొట్టనివ్వనందుకు నీకు వేల దండాలు. గ్రాంటు కోసం ఉన్నవాటిని పాడుచేసి చూపించేవాళ్లని ఈ ఉద్యోగంలో చూశాను. నీకు ఆ ఊహే ఒళ్లు మండించింది చూడు, అందుకే నువ్వంటే నాకు ఇంత గొప్ప. నువ్వు మా ఇంటికి వచ్చిన కొత్తలో అమ్మ అనేది, ఈ పిల్ల తప్పు కుట్టు పడితే ఎవరికీ కనపడకపోయినా విప్పి కుడుతుందని.

అన్నయ్య గొంతు లేచిందన్న ముక్క మళ్లీ మళ్లీ చదువుకున్నాను. ఆయన్ని ఏమీ అడగొద్దు. ఏమీ బలవంతం చెయ్యొద్దు. ఇంతకంటే రాయను, మళ్లీ ఆ ఫైలు సంగతి అవుతుంది.

నీ మరదలు


పార్కు ఎదురిల్లు, ముసురు తెరిపిచ్చిన పొద్దున

చిట్టి మరదలికి,

నిన్న జరిగింది నీకు చెప్పకపోతే నాకు ఊపిరాడదు.

అదే ఆఫీసరమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి మొహం గంభీరంగా ఉంది. రెండోసారి అడిగారంటే కుట్ర ఏదో ఉందనుకుందేమో పాపం. వీధంతా పార్కు గేటు దగ్గర చేరింది, చేతులు కట్టుకుని, పరీక్షకి చదవని పిల్లల్లాగా. దారి మీద గోతులు గోతుల్లాగే ఉన్నాయి, వాన నీళ్లతో సహా. ఆవిడ చూసి నివ్వెరపోయింది. "ఇది... ఇది కిందటిసారి..." అంది. బ్యాండు మాస్టారు తలొంచుకుని, "తివాచీలు వేశామమ్మా, సిగ్గేసి" అన్నారు. అందరం ఆవిడేమంటుందోనని చూస్తున్నాం.

అప్పుడు మా ఇంటి తలుపు చప్పుడైంది.

మీ అన్నయ్య. ఇస్త్రీ చొక్కా, బూట్లు. ఆ బూట్లు ఒంటి చేత్తో ఎంతసేపు కట్టుకున్నారో, ఎడమదాని లేసు వేలాడుతూనే ఉంది. నాకు ఒక్క ముక్క చెప్పలేదు, తల్లీ, ఒట్టు. కర్ర పట్టుకుని రోడ్డు దాటారు. జనం ఇటూ అటూ జరిగి దారిచ్చారు. ఆఫీసరమ్మ ముందు ఆగి, "నమస్కారమండీ. ఇబ్బంది కనిపించలేదని రాశారట. కిందటిసారి దుప్పట్లు అడ్డొచ్చాయి. ఇప్పుడు ఇక్కడే నిలబడి చూడండి" అన్నారు.

నడిచారు. కుడికాలు ముందు పెట్టి, రెండోది ఈడ్చి. పలక లేచినచోట కర్రతో తడిమి, గొయ్యి వచ్చినచోట ఆగి, ఊపిరి పీల్చుకుని. ఈయన బస్సు ఎక్కనివాడు మా వీధిలో లేడు కదా, వాళ్లందరి ముందూ. ఇన్నాళ్లూ ఎవరు చూస్తారోనని కిటికీ తెర కూడా సగం వేసుకున్న మనిషి! ఫౌంటెన్ దగ్గరికి వచ్చారు. తడి పలక. కర్ర జారింది. పడ్డారు.

పడ్డవారు అలాగే కూర్చుని, రొప్పుతూనే, గేటు దాకా వినిపించేలా, "ఇదిగో, ఇక్కడే. కిందటిసారీ ఇక్కడే. రాసుకోండి" అన్నారు. ఆ తర్వాత కర్ర దగ్గరికి లాక్కుని, ఫౌంటెన్ గట్టు మీద చెయ్యి ఆనించి, మెల్లగా లేచారు. తనంతట తాను లేచారు. ఎవరూ చెయ్యెయ్యలేదు. బట్టలకి బురద, మోచేతికి కాస్త గీరుకుంది, అంతే. తిరిగి అంత దూరమూ నడుచుకుంటూ గేటు దాకా వచ్చారు.

ఈ మనిషితో ఇన్నేళ్లు కాపురం చేశాను. ఎన్నోసార్లు విసుక్కున్నాను, పోట్లాడాను. నిన్న మాత్రం, నా మొగుడు కాబట్టి కాదు, ఎవరైనా సరే ఇంత ధైర్యం ఉన్న మనిషిని నేను చూడలేదనిపించింది. ఆయనతో అనలేదనుకో. అంటే నెత్తికెక్కుతుంది.

అసలు చెప్పాల్సింది ఇంకా ఉంది. ఇవాళ పొద్దున్నే లేచి చూస్తే మళ్లీ బూట్లు కట్టుకుంటున్నారు. "ఎక్కడికండీ?" అన్నాను. "నడవడానికి" అన్నారు. "దారి ఇంకా వెయ్యలేదుగా, గ్రాంటు వస్తుందో రాదో కూడా తెలీదు" అన్నాను. ఆయనేమన్నారో తెలుసా? "నిన్న అందరూ చూసేశారుగా. ఇంక దాచుకోవడానికి ఏం మిగిలింది?" అని, కర్ర పట్టుకుని వెళ్లిపోయారు. గోతులు లేని పక్కన, కంచె కమ్మీలు పట్టుకుంటూ నడుస్తున్నారు. ఇక్కణ్ణుంచి కనిపిస్తున్నారు.

నీ వదిన


ఆఫీసు క్యాంటీన్

వదినా,

గ్రాంటు మంజూరైన ఉత్తరం ఈపాటికి మీకు అంది ఉంటుంది. సంతకాలన్నీ అయిపోయాయి, పంపించేశారు, అందుకే ఇప్పుడు నోరు విప్పుతున్నాను. లేకపోతే కడుపు ఉబ్బి చచ్చిపోయేదాన్ని.

నిన్న భోజనాల వేళ మా బల్ల దగ్గరికి ఒక కొత్త ఆఫీసరు వచ్చి కూర్చుంది. మాటల్లో, ఒక పార్కు చూడ్డానికి వెళ్లిన కథ చెప్పడం మొదలుపెట్టింది. ఊరి పేరు చెప్పలేదు. నేను ఎవరో ఆ అమ్మాయికి తెలీదు. తివాచీలు అనగానే నోటి దాకా తెచ్చిన ముద్ద కంచంలో పెట్టేశాను.

కండక్టరు గారు నడిచిన సంగతి చెప్పింది. పడ్డ సంగతి చెప్పింది. ఆ తర్వాత చెప్పింది నీ ఉత్తరంలో లేదు, వదినా.

ఆయన పడగానే తను పరిగెత్తబోయిందట. వీధిలో వాళ్లంతా ఒక్కసారి ముందుకి ఊగారట, వెల్డరు అప్పటికే గేటు దాటాడట. అప్పుడొక ఆవిడ, మెడలో కుట్టుపని టేపు వేలాడుతున్న ఆవిడ, అందరికీ అడ్డంగా వచ్చి చెయ్యెత్తి నిలబడిందట. "ఎవరూ వెళ్లొద్దు" అందట. గట్టిగా కూడా అనలేదట. అయినా ఒక్కరూ కదల్లేదట. "ఎవరీ రాతిగుండె మనిషి అనుకున్నానండీ, తర్వాత చూస్తే ఆవిడ రెండో చెయ్యి గేటు చువ్వని పట్టుకుని ఉంది, ఆ చెయ్యి ఆగకుండా వణుకుతోంది. ఆయన లేచి నిలబడేదాకా ఎత్తిన చెయ్యి దించలేదు. ఆయన భార్యట" అంది ఆ అమ్మాయి. బల్ల దగ్గర అందరూ తినడం ఆపేశారు.

ఇంక నేనాగలేకపోయాను. ఎంగిలి చేత్తోనే లేచి నిలబడి, "ఆవిడ మా వదిన! ఆయన మా అన్నయ్య!" అని అరిచాను. క్యాంటీన్ మొత్తం నా వైపు చూసింది. చూడనీ. నా జన్మలో ఇంత గర్వంగా ఎప్పుడూ లేదు.

నీ ఉత్తరంలో "ఎవరూ చెయ్యెయ్యలేదు" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. ఎవరు ఆపితే చెయ్యెయ్యలేదో రాయలేదు. అన్నయ్య ధైర్యం గురించి పేజీలు రాశావు. ఆయన కింద ఉన్నంతసేపూ నువ్వు ఎలా నిలబడగలిగావు? నేనైతే పరిగెత్తేదాన్ని. నాకు చెప్పు, వదినా. దాచకుండా చెప్పు.

నీ మరదలు


పార్కు ఎదురిల్లు, చలి మొదలైంది

చిట్టి మరదలికి,

ఇన్నాళ్లు జవాబు రాయనందుకు తిట్టుకుంటున్నావేమో. దారి పని మొదలయ్యాక నాకు ఊపిరి సలపలేదు. కాంట్రాక్టరు కమ్మీ ఛాతీ ఎత్తున పెట్టబోతే, ముసలివాళ్లకి ఇంత ఎత్తు అందుతుందా అని వెల్డరు తమ్ముడూ నేనూ కలిసి పోట్లాడి, మోచేతి కిందికి దింపించాం. బ్యాండు మాస్టారు రోజూ కుర్చీ వేసుకుని సిమెంటు ఆరడం చూస్తూ కూర్చున్నారు. ఎవరైనా అడుగు పెడితే ఈల వేసేవారు. పోయిన వారం తెరిచారు. ఎంత బాగుందో చెప్పలేను. నున్నగా, ఎక్కడా ఒక్క మెట్టు లేకుండా, చక్రాల కుర్చీ కూడా తిరిగేలా. బేకరీ అక్కయ్య వాళ్లమ్మ ఏళ్ల తర్వాత చెట్ల కిందకి వచ్చి కూర్చుంది. సర్కారు డబ్బు ఎక్కడికి పోతుందో ఏమోనని ఎప్పుడూ అనుకునేదాన్ని. ఒక్కోసారి సరిగ్గా రావలసినచోటికే వస్తుంది.

మీ అన్నయ్య మాత్రం "కమ్మీ మీలాంటివాళ్లకి, నాకెందుకు" అంటారు. మలుపు దాటాక, ఎవరూ లేరనుకున్నప్పుడు శుభ్రంగా పట్టుకుంటారు. చూశాను. చూసినట్టు ఆయనకి తెలీదు. డాక్టరు కాలు చూసి మెచ్చుకున్నాడు. ఈసారి "ఫస్టు క్లాసు" అన్నది మీ అన్నయ్య కాదు, డాక్టరే.

నువ్వడిగిన దానికి జవాబు రాయడానికి ఇంత చుట్టూ తిరిగి వస్తున్నాను, నాకే తెలుస్తోంది.

నిలబడలేకపోయాను, చిట్టీ. గేటు పట్టుకుంది ధైర్యంతో కాదు, ఆ చెయ్యి వదిలితే అందరికంటే ముందు నేనే పరిగెత్తేదాన్ని. ఆయన బురదలో ఉంటే నా ఒంట్లో ప్రాణం లేదు. తల తగిలిందేమో, ఈసారి లేవరేమో, లేవకపోతే నేనే చంపుకున్నట్టు కదా అని ఎన్ని అనుకున్నానో! కానీ ఎవరైనా వెళ్లి ఎత్తి ఉంటే, ఆ రోజు ఇంటికి తీసుకొచ్చుకునేదాన్ని, అంతే. మళ్లీ ఈ జన్మలో ఆయన గడప దాటరు. అది మాత్రం నాకు తెలుసు. అందుకే ఆపాను. ఆయనకి ఇప్పటికీ తెలీదు, ఎవరూ చెప్పలేదు. నువ్వూ చెప్పకు. ఆ లేవడం మొత్తం ఆయనదే ఉండనీ.

నన్ను గొప్పదాన్ని చేసి రాశావు. చదివి మిషను మీద తల పెట్టుకుని ఏడ్చాను. బాగుంది ఏడవడం.

ఇవాళ సంగతి చెప్పి ముగిస్తాను. మీ అన్నయ్య సాయంత్రం నడకకి బయల్దేరుతూ, చీకటి పడేలోపు వచ్చేస్తానన్నారు. చీకటి పడింది. పార్కులో కొత్త దీపాలు వెలిగాయి. ఎవరో పాత ప్యాసింజరు దొరికి ఉంటాడు, కబుర్లలో పడి ఉంటారు. ఇదివరకైతే ఈపాటికి నాలుగుసార్లు కిటికీ దగ్గరికి వెళ్లేదాన్ని. ఇప్పుడు నీకు ఉత్తరం రాస్తూ కూర్చున్నాను. ఆయన ఇంకా రాలేదు.

రానీలే. వచ్చినప్పుడే వస్తారు.

నీ వదిన